జట్టుకు నేల: ఐరోపా కప్పు, సంతోష్ ట్రోఫీ, మన సీమ

2024వ సంవత్సరము జూలై 14వ తేదీ ఆదివారము గడచి సోమవారము ప్రవేశించిన అర్ధరాత్రి పన్నెండున్నర గంటలకు, బెర్లిన్ నగరమందలి ఒలింపిక్ మైదానమున స్పెయిన్, ఇంగ్లండు దేశముల జట్లు ఐరోపా ఫుట్‌బాల్ కప్పు తుదిపోటీకి నిలిచిన వేళ, తిరుపతిలో బైరాగిపట్టెడలోని ఒక మిద్దెమీద పదిపన్నెండుగురు కళాశాల విద్యార్థులతో పాటు నేనును మేలుకొని యుంటిని. ఎనుబదియారవ నిమిషమున ఒయార్జాబల్ రెండవ గోలు కొట్టి స్పెయినునకు 2-1 గెలుపు చేకూర్చి, ఆట ముగిసి, విజేతలు వెండిపాత్రను ఎత్తి చూపు సరికి కొండమీద సుప్రభాతసేవకు వేళ సమీపించుచుండెను. మెట్లు దిగుచుండగా, విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న పలమనేరు పిల్లవాడొకడు నన్నడిగెను: “అంతా బాగుండాది సార్, మన టీము యాడుండాది?”

భారతదేశపు జట్టు పేరు చెప్పి ఆ ప్రశ్నను దాటవేయవచ్చును. కాని వాడడిగినది అది కాదు. ప్రపంచపు పోటీలలో పేరు మోసిన క్రొయేషియా దేశపు జనాభా 2021 లెక్కలలో ముప్పదితొమ్మిది లక్షలకు లోపు. విభజనకు పూర్వపు మన చిత్తూరు జిల్లా జనాభా 2011 లెక్కలలో 41,74,064. 2016 ఐరోపా కప్పులో ఇంగ్లండును 2-1 తేడాతో ఓడించి ఇంటిదారి పట్టించిన ఐస్‌లాండు దేశమంతయు కలిపినను మూడు లక్షల ముప్పది వేల చిల్లర జనమే; తిరుపతి నగరమొక్కటే 2011 నాటికి రెండు లక్షల ఎనుబది వేలు దాటినది. కావున వాని ప్రశ్నకు తలల లెక్కతో సమాధానము దొరకదు. దేశమునకు జట్టుండుట వేరు, జట్టునకు నేల యుండుట వేరు. ఆ రెండవదానిని గూర్చియే, అనగా ఒక భూభాగము పేరు ధరించి ఆడు జట్టు ఏ నేలలో పుట్టి ఏ నీటితో పెరుగునో, ఆ నీరు ఎప్పుడు ఎందుచేత ఇంకిపోవునో, దానిని గూర్చియే నేను ఈ సమీక్షకు పూనుకొంటిని.

ఐరోపా దేశముల జట్లకు ఉమ్మడి పోటీ యొకటి ఉండవలెనను తలంపు ఫ్రాన్సు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శియైన ఆన్రీ దెలోనేకు 1927లోనే కలిగినది. ఆ తలంపు ఫలించుటకు ముప్పదిమూడేండ్లు పట్టెను. ఆ నడుమ ఒక మహాసంగ్రామము ఆ ఖండమును బూడిద చేసెను. 1954 జూన్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున ఐరోపా ఫుట్‌బాల్ సంఘముల సమాఖ్య ఏర్పడగా దానికి తొలి కార్యదర్శియైన దెలోనే, తన పోటీని కన్నులార చూడకయే మరుసటి యేడు నవంబరులో కన్ను మూసెను. 1958లో అర్హతపు ఆటలు మొదలై, 1960 జూలైలో పారిస్ నగరమున తొలి తుదిపోటీ జరిగినప్పుడు బహుమానముగా ఇచ్చిన పాత్రకు ఆయన పేరే పెట్టిరి. ఆ తొలిసారి పేరిచ్చిన దేశములు పదునేడు మాత్రమే. ఇంగ్లండు రాలేదు, ఇటలీ, పశ్చిమ జర్మనీ రాలేదు. స్పెయిన్ వచ్చినది గాని, సోవియట్ రష్యాతో ఆడవలసి వచ్చుసరికి జనరల్ ఫ్రాంకో ప్రభుత్వము తన జట్టును కదలనీయలేదు. ఆడకయే ముందునకు సాగిన సోవియట్ జట్టు తుదిపోటీలో యుగోస్లావియాను 2-1 తేడాతో గెలిచి తొలి విజేతయైనది. నాలుగేండ్లకు అదే స్పెయిన్ తన రాజధానియైన మాడ్రిడ్‌లో, అదే ఫ్రాంకో చూచుచుండగా, అదే సోవియట్ జట్టును ఓడించి కప్పు గెలిచెను. ఆ సంవత్సరమే గ్రీసు దేశము అల్బేనియాతో ఆడనని పోటీ నుండి తప్పుకొనెను. క్రీడ వేరు, రాజకీయము వేరు అని పలుకువారు ఈ పోటీ పుట్టుపూర్వోత్తరములను ఒక్కసారి చదువవలెను.

ఆ తరువాతి కథలో కొన్ని ఘట్టములు ఆట నియమములు పరిపక్వము కావలసిన తీరును తెలుపును. 1968లో నేపుల్స్ నగరమున ఇటలీ, సోవియట్ జట్ల సెమీఫైనలు అదనపు సమయము గడచినను గోలు లేక మిగిలిపోగా, నాణెమెగురవేసి ఇటలీని తుదిపోటీకి పంపిరి. నూట ఇరువది నిమిషముల శ్రమకు ఒక బిళ్ల తీర్పు చెప్పెను. 1976లో బెల్‌గ్రేడ్ నగరమున పశ్చిమ జర్మనీపై పెనాల్టీలతో తీర్పు జరిగినపుడు, చెకోస్లొవేకియా ఆటగాడు పనెంకా గోల్‌కీపరు ఒక ప్రక్కకు దూకుట కనిపెట్టి బంతిని మెల్లగా నడిమికి ఎగురవేసి కప్పు గెలిపించెను. ఆ తన్నునకు నేటికిని ఆతని పేరే నిలిచియున్నది. తుదిదశకు వచ్చు జట్ల సంఖ్య మొదట నాలుగు. 1980లో ఎనిమిది, 1996లో పదునారు, 2016లో ఇరువదినాలుగు. పెద్దజట్లకు చిన్నజట్లు ఎదురుపడి ఆట పలుచనగునని కొందరు విమర్శకులు విచారించిరి. నేను ఆ విచారమున పాలుపంచుకొనలేను. 2004లో ఎవరును లెక్కచేయని గ్రీసు కప్పు గెలిచినది. చిన్నవారికి వాకిలి తెరచినందువలన ఆట చిక్కనైనదే గాని పలుచన కాలేదు.

ఈ పోటీయందలి అసలు బలము నాలుగేండ్ల కొకసారి వచ్చు నెలదినముల ఉత్సవములో లేదు. ఉత్సవమునకు ముందు, ఆతిథ్యమిచ్చు దేశము తప్ప, ప్రతి దేశమును తన గుంపులోని తక్కిన దేశములతో ఇంట ఒకసారి, వారి యింట ఒకసారి ఆడి తీరవలెను. ఆ తేదీలలో ఎంత గొప్ప క్లబ్బయినను తన ఆటగానిని దేశమునకు విడిచిపెట్టి తీరవలెను. దానికి క్రింద ప్రతి పట్టణమునకును క్లబ్బు, ప్రతి క్లబ్బునకును పిల్లల జట్లు, ప్రతి వారాంతమునకును ఒక ఆట కలదు. ఐస్‌లాండు మంచుదేశము, చలికాలమున ఆరుబయట ఆడ వీలుపడదు. అక్కడివారు ఊరూర కప్పుగల మైదానములు కట్టి, చదువు చెప్పు గురువునకు వలెనే పిల్లలకు ఆట నేర్పువానికిని శిక్షణపత్రముండవలెనని పట్టుబట్టిరి. 2016లో ఆ జట్టును నడిపిన ఇద్దరు శిక్షకులలో హల్‌గ్రిమ్సన్ అనునతడు వృత్తిచేత దంతవైద్యుడు. స్పెయిన్ తరఫున బెర్లిన్ తుదిపోటీ ఆడిన లమీన్ యమాల్ అను బాలునికి ఆ ముందునాడే పదునేడేండ్లు నిండినవి. తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. ఆ బాలుడు పెరిగినది బార్సిలోనా చేరువనున్న మతారో పట్టణపు రొకఫోండా అను శ్రామికుల పేట. గోలు కొట్టిన వెనుక వ్రేళ్లతో 304 అని చూపుట వాని వాడుక. అది ఆ పేట తపాలా సంకేతములోని చివరి మూడంకెలు. లోకమంతయు తనను దేశపు బిడ్డయని పొగడుచున్న క్షణమున ఆ పిల్లవాడు తన వీధి చిరునామా చూపుచున్నాడు. ఈ సమీక్షలో నేను చెప్పబూనినది ఆ మూడంకెలలో ఉన్నది.

సరిహద్దుల సంగతి కొంత చెప్పక తప్పదు. బ్రిటన్ ఒకే రాజ్యమైనను ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు అను నాలుగు జట్లు పంపును. భూగోళము చొప్పున ఆసియాకు చెందిన ఇజ్రాయెల్ ఐరోపా సమాఖ్యలో సభ్యురాలు. 1976లో గెలిచిన చెకోస్లొవేకియా, 1960లో గెలిచిన సోవియట్ రాజ్యము, రెండుమారులు తుదిపోటీలో ఓడిన యుగోస్లావియా, ఈ మూడును నేడు పటములో లేవు. 1992లో యుగోస్లావియా అంతర్యుద్ధమున చీలిపోవుచుండగా, ఐక్యరాజ్యసమితి ఆంక్షల వలన ఆ జట్టును పోటీ ముంగిట నిలిపివేసి, అర్హత పొందని డెన్మార్కును పిలిచిరి; పది దినముల వ్యవధిలో సిద్ధమై వెళ్లిన డెన్మార్కు తుదిపోటీలో జర్మనీని 2-0తో ఓడించి కప్పు తెచ్చుకొనెను. రాజ్యములు చీలును, కలియును, పేర్లు మారును. కాని యుగోస్లావియా నగరములైన జాగ్రెబ్, బెల్‌గ్రేడ్‌ల క్లబ్బులు మాత్రము ఆదివారపు ఆటలు మానలేదు. అందుచేతనే చీలిన ముక్కలలో ఒకటైన క్రొయేషియా, ఇరువదియేండ్లు నిండకమునుపే లోకము మెచ్చు జట్టును నిలుపగలిగెను.

ఇక మన దేశమునకు వత్తము. ఐరోపావారి పోటీకంటె పందొమ్మిదేండ్లు ముందుగా, 1941లోనే, భూభాగముల పేరిట జట్లు తలపడు పోటీ మనకు ఏర్పడినదని ఎందరికి జ్ఞప్తి యున్నదో తెలియదు. అదియే సంతోష్ ట్రోఫీ. ఆ పేరు విని ఇది ఆనందార్థకమని తలంచువారు కలరు గాని, అది నేటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ ప్రాంతమున నున్న సంతోష్ సంస్థానము పేరు. ఆ సంస్థానాధిపతియు, బెంగాల్ ఫుట్‌బాల్ సంఘమునకు అధ్యక్షుడుగా పనిచేసినవాడును అగు మన్మథనాథ రాయ్ చౌధురీ జ్ఞాపకార్థము ఆ పాత్రను సమర్పించిరి. కలకత్తాలో జరిగిన తొలి తుదిపోటీలో బెంగాల్ జట్టు ఢిల్లీని ఓడించెను. భాషలు, ఆహారములు, వేషములు వేరువేరైన మన ప్రాంతములు ఐరోపా దేశముల కేమాత్రము తీసిపోనివి కావున, దీనిని మన ఖండపు కప్పు అనిన అతిశయోక్తి కాదు. ఒక విశేషము మాత్రము మనదే: రాష్ట్రములతో పాటు రైల్వేలును, సైనిక దళములును తమ తమ జట్లను పంపును. ఊరికంటె ఉద్యోగమే ఆటగానికి గూడు కల్పించు దేశమిది యనుటకు ఇంతకుమించిన సాక్ష్యమక్కరలేదు.

ఈ పోటీలో తెలుగునేలకు మహోజ్జ్వలమైన అధ్యాయమొకటి కలదు, అది హైదరాబాదుది. 1949–50, 1950–51 పోటీలలో వరుసగా బెంగాల్ చేతిలో కలకత్తాలో తుదిమెట్టున ఓడిన ఆ జట్టు, 1956–57లో తిరువనంతపురమునను, 1957–58లో స్వగృహమునను, రెండుమారులును బొంబాయిని ఓడించి విజేతయైనది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ అవతరించి యేడాది దాటినను ఆ రెండవసారియు జట్టు హైదరాబాదు పేరనే ఆడెను. రాష్ట్రము కలిసినంత శీఘ్రముగా మైదానములు కలియవు. తరువాత 1965–66లో కొల్లమున బెంగాల్‌ను ఓడించి ఆంధ్రప్రదేశ్ అను పేరనే ఆ ట్రోఫీ ఒకసారి తెలుగువారికి వచ్చినది. అదియే కడపటిది.

ఆ విజయములకు వెనుకనున్న పురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించి, ఉస్మానియా పట్టభద్రుడై, బడిపంతులుగా జీవితమారంభించిన ఆ మహనీయుని ‘రహీం సాబ్’ అని నగరమంతయు పిలిచెడిది. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, ఇంచుమించు అదే కాలమున భారత జట్టునకును శిక్షకుడైన ఆయన చేతిక్రింద పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు ఏటేట, వరుసగా ఐదుమారులు, బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఇది ఎట్లు సాధ్యమైనది? పంతులు గారి పద్ధతి బడిపద్ధతి. బంతిని కాలివద్ద నుంచుకొని చెలికాండ్రను మరచు దురలవాటును మాన్పుటకు, అందిన బంతిని తక్షణమే మరియొకనికి ఇచ్చి తీరవలెనను నియమముతో ఆయన ప్రత్యేక పోటీలు నడిపెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితో మాత్రమే తన్నవలెనను పోటీలను గూడ జరిపెను. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైన నాటి నుండియు ఆయన దృష్టి పెద్ద జట్టుమీద కంటె గల్లీ పిల్లల మీదనే నిలిచినది. 1953లో హంగరీ జట్టు వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3తో చిత్తుచేసి, ముందువరుసలోని నడిమి ఆటగానిని వెనుకకు దించు కొత్త విద్యను చూపినప్పుడు, లోకమున పలువురు శిక్షకులు ఆశ్చర్యముతో నిలిచిపోయిన కాలమున, ఆ విద్యను గ్రహించి తన పిల్లలకు నేర్పిన వారిలో ఈ హైదరాబాదు పంతులొకడు.

ఐరోపా దేశముల జట్లతో మనవారు ముఖాముఖి నిలిచిన కథయు రహీం కథయే. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టు, అందు పెక్కుమంది బూట్లు లేకుండ వట్టికాళ్లతో ఆడగా, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినది. ఆ యోటమి అనంతరము బూట్లు తప్పనిసరి యైనవి. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో, సోవియట్ సేనలు బుడాపెస్టులో ప్రవేశించిన కారణమున హంగరీ జట్టు ఆడక మానివేయగా ముందునకు సాగిన మనవారు, ఆతిథేయులైన ఆస్ట్రేలియాను నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టగా 4-2తో ఓడించి, సెమీఫైనలున మరల ఆ యుగోస్లావియానే ఎదుర్కొనిరి. డిసౌజా గోలుతో ముందంజ వేసినదియు మనవారే. తుదకు 4-1తో ఓడినను, పదికి ఒకటి నాలుగునకు ఒకటిగా మారుటలోని నాలుగేండ్ల సాధనను తక్కువగా ఎంచరాదు. ఏలయన ఆ యుగోస్లావియా మరి నాలుగేండ్లకు పారిస్‌లో ఐరోపా కప్పు తుదిపోటీ ఆడినది, అదే యేడు రోమ్‌లో ఒలింపిక్ స్వర్ణము గెలిచినది. మెల్బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలగు హైదరాబాదువారు పెక్కురుండిరి. ఆ తడవ మనకు దక్కినది నాలుగవ స్థానము. అంతటి స్థానము ఒలింపిక్ ఫుట్‌బాలున మనకు ముందును లేదు, వెనుకను లేదు.

బలరామును గూర్చి ఒక మాట అధికముగా వ్రాయుదును. సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో పేదయింట పుట్టిన ఆ యువకుడు 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీపై ఒక గోలు, పెరూపై ఒక గోలు కొట్టెను. హంగరీతో మనవారు ఓడినది 2-1 తేడాతో మాత్రమే. ఫ్రాన్సుతో 1-1గా సరిపెట్టుకొనిరి. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, ప్రేక్షకులందరు ప్రతికూలురై హోరెత్తుచుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణము గెలిచిన జట్టులోను ఆతడుండెను. అప్పటికే రహీం శరీరమును క్యాన్సరు లోలోపల తొలుచుచుండెను. మరుసటి యేడు జూన్ 11న ఆయన అస్తమించెను. బలరాము మాత్రము కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆటగాడై, హైదరాబాదునకు సంతోష్ ట్రోఫీ సాధించిపెట్టిన కాళ్లతోనే బెంగాల్ రాష్ట్రమునకు ఆడి, అక్కడనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడనే కన్ను మూసెను. ఆయన జన్మభూమి ఆయనను పోషింపలేదు.

నీరు ఇంకిన చోటు ఇదియే. బలరాముతో పాటును, తరువాతను, నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, ఒకరి వెంట నొకరు హైదరాబాదు మేటివారెల్లరును కలకత్తా త్రోవ పట్టిరి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టునకు నయీముద్దీనే నాయకుడు. ఆ జట్టులోని హబీబ్, 1977లో పీలే ఆడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ పక్షమున గోలు కొట్టెను. ఆటగాండ్రు వలసపోవుట నేరము కాదు. కూడు పెట్టు చోటికి మనుష్యుడు పోవును. కాని వారిని పోనీయక నిలుపగల క్లబ్బు గాని, వారు పోయిన చోటును పూరింపగల గల్లీ పోటీలు గాని ఇక్కడ లేకపోయినవి. పోలీసు శాఖ కొలువిచ్చి జట్టును పోషించిన దినములలో ఆటగానికి నెలజీతము, ఇల్లు, గౌరవము ఉండెడివి. ఒక మనిషి పట్టుదలమీద, ఒక శాఖ దయమీద నిలిచిన కట్టడము ఆ మనిషి పోగానే, ఆ దయ పలుచబడగానే ఒరిగెను. జాగ్రెబ్, బెల్‌గ్రేడ్ క్లబ్బులు రాజ్యము కూలినను నిలిచినవి. మన నగరము ఒక గురువు పోగానే తడబడినది. ఈ తారతమ్యమును నేను ఎంత ఆలోచించినను బాధ పడకుండ వ్రాయలేకున్నాను.

చిత్తూరు సీమ ఈ కథలో ఎక్కడ నున్నది? మా జిల్లా 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములతో ఏర్పడినది. 1941లో సంతోష్ ట్రోఫీ పుట్టునాటికి మేము మద్రాసువారము. మదనపల్లెలోనో శ్రీకాళహస్తిలోనో కాలు చురుకైన పిల్లవాడుండినచో వాడు మద్రాసు జట్టునకు ఆడవలసినవాడు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రమువార మైతిమి; 1956లో ఆంధ్రప్రదేశ్‌వార మైతిమి; 1960లో తిరుత్తణి మమ్ము విడిచి మద్రాసులో చేరెను; 2014లో హైదరాబాదు, దానితో పాటు రహీం వారసత్వమంతయు, తెలంగాణ పాలాయెను; 2022 ఏప్రిల్ 4న జిల్లాయే చీలి తిరుపతి వేరు జిల్లా యైనది. తాత ఒక జట్టు, తండ్రి ఒక జట్టు, మనుమడొక జట్టు. ఇన్ని మార్పులలోను రాజధాని ఎప్పుడును దూరముననే యుండెను, జట్టెంపిక ఎప్పుడును అక్కడనే జరిగెను. సరిహద్దులు మారినంత మాత్రమున ఆట చెడదని యుగోస్లావియా ముక్కలు ఋజువు చేసినవి గదా. కాని అక్కడ సరిహద్దుకు క్రింద ఊరి క్లబ్బుండెను. ఇక్కడ మా ఊళ్లలో సాయంకాలపు మైదానమున వాలీబాల్ వల, కబడ్డీ గీత, క్రికెట్ వికెట్లు మూడు మూలలను ఆక్రమించగా, ఫుట్‌బాలునకు నాలుగవ మూల దొరకిన దొరకును, లేకున్న లేదు.

సంతోష్ ట్రోఫీ కాంతియు నేడు కొంత తగ్గినదని ఒప్పుకొనవలెను. 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చిన తరువాత పెద్ద క్లబ్బుల ఆటగాండ్రు రాష్ట్రజట్లకు ఆడుట అరుదైనది. ఐరోపాలో దేశపు జట్టు పిలిచినప్పుడు క్లబ్బు విడువవలెనను కట్టుబాటున్నది. ఇక్కడ రాష్ట్రము పిలుపునకు అంతటి బలము లేదు. 2023లో సెమీఫైనళ్లను, తుదిపోటీని సౌదీ అరేబియాలోని రియాద్ నగరమున జరిపి వైభవము తెచ్చుటకు యత్నించిరి. కర్ణాటక మేఘాలయను 3-2తో ఓడించి, మైసూరు పేర గెలిచిన ఏబదినాలుగేండ్ల తరువాత మరల కప్పునందుకొనెను. ఆ గెలుపునకు నేను సంతసించితిని గాని, ఆ ఆటగాండ్ర తల్లిదండ్రులు చూడజాలని దూరదేశమున ఆడించుట నాకు రుచింపలేదు. భూభాగము పేర ఆడు ఆట ఆ భూమిమీదనే జరుగవలెను. ఇక క్లబ్బుల మాట. 2019లో ఏర్పడిన హైదరాబాదు క్లబ్బు 2022 మార్చిలో గోవాలో సూపర్ లీగు విజేతయై మన కందరికిని ఆశ కల్పించి, 2025లో నగరమునే విడిచి ఢిల్లీకి తరలిపోయెను. పేటలలో వేళ్లు లేని క్లబ్బును ఒక సంతకముతో ఎక్కడికైనను తరలింపవచ్చును.

ఇంత చెప్పినందున చీకటియే యున్నదని తలంపరాదు. మా రాయలసీమలోనే, అనంతపురమున, గమనింపదగిన ప్రయత్నమొకటి కలదు. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురము చేరి, 2009లో అక్కడనే మట్టిలో కలసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, కరవుసీమ పల్లెల పిల్లలకు బడి, వైద్యము, ఇల్లుతో పాటు క్రీడాగ్రామమును గూడ కట్టెను. ఆ మైదానముననే 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆటలు జరిగినవి. కాని నా దృష్టికి అంతకంటె మిన్నయైనది, అక్కడ పల్లెల పిల్లలు, ఆడపిల్లలతో సహా, స్పెయిన్ లీగువారి సహకారముతో క్రమము తప్పక ఫుట్‌బాల్ నేర్చుకొనుట. ఐరోపా కప్పును నాలుగుమారులు, అనగా అందరికంటె ఎక్కువగా, గెలిచిన దేశపు బిడ్డడు మన సీమ మట్టిలో ఆ విత్తు నాటి పోయెను. మరియొక యుదాహరణము నిజామాబాదు పిల్ల గుగులోత్ సౌమ్యది. 2022లో ఆమె క్రొయేషియా రాజధానిలోని డినామో జాగ్రెబ్ మహిళా జట్టున చేరి ఆడినది. జనాభాలో మా పూర్వపు జిల్లాకంటె చిన్నదైన ఆ దేశము, మన తెలుగుపిల్లకు ఆడుటకు నేల చూపినది.

2024 డిసెంబరు 31వ తేదీ రాత్రి సంతోష్ ట్రోఫీ తుదిపోటీ హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగినది. రహీం నగరమున తలపడినవి బెంగాల్, కేరళ. అదనపు నిమిషములలో రోబి హాన్స్‌దా అను సంథాల్ యువకుడు కొట్టిన గోలుతో బెంగాల్ 1-0గా గెలిచి ముప్పదిమూడవసారి విజేతయైనది. ఆ వెంటనే అక్కడి ప్రభుత్వము ఆ జట్టు ఆటగాండ్రకు సర్కారు కొలువులు ప్రకటించెను. ఏబదుల కాలమున హైదరాబాదు పోలీసువారు చేసిన పని అదియే.

ఆ తుదిపోటీ జరిగిన కొన్నాళ్లకు పలమనేరు పిల్లవాడు మరల నా యింటికి వచ్చెను. వానికి ఈ చరిత్రయంతయు చెప్పితిని. వాడు విని, చేతనున్న నోటుపుస్తకము తెరచి, ఊళ్ల పేర్లు వ్రాసికొనెను: తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి. ఎనిమిది ఊళ్లు, ఒక్కొక్కటి తక్కిన ఏడింటితో ఇంట ఒకసారి, బయట ఒకసారి ఆడినచో ఏబదియారు ఆటలు, ఆదివారమునకు నాలుగు చొప్పున పదునాలుగు ఆదివారములు. ఈశాన్యపు వానలు వెనుకబడిన తరువాత జనవరి మొదటి ఆదివారమున ఆరంభించినచో ఏప్రిల్ మొదటివారమునకు ముగియును. గంగమ్మ జాతరకు చాల ముందే, మామిడికాయ దించుటకు పిల్లలు తోటలకు పోవుటకును ముందే. బస్సు ఛార్జీలు, బంతులు, గోలుస్తంభముల మధ్య ఎనిమిది గజముల కొలత, రిఫరీకి ఈల, అన్నియు లెక్కకట్టి వాడు తలయెత్తి అడిగెను: “ఫస్టు ఆట యాడ పెడదాం సార్, చిత్తూర్లోనా, ఈడనా?”

చిత్తూరులోనే యని చెప్పితిని. పుస్తకములో మొదటి గీతమీద వాడు అట్లే వ్రాసికొనెను.